తిరుపతి నుంచి డల్లాస్‌కు ఏ దారిన వెళ్లాలి?

మా వీధిలో ఎవరింటి పిల్లలైనా డల్లాస్‌లో ఉద్యోగానికి చేరితే, ఏడాది తిరిగేలోపు ఆ ఇంటి పెద్దవాళ్లు మా గడప తొక్కుతారు. అమ్మానాన్నల్ని అన్న దగ్గరికి మూడుసార్లు పంపించాను కాబట్టి నాకు దారి తెలుసని వాళ్ల నమ్మకం. మొన్న ఎదురింటి అత్త వచ్చింది. "నాయనా, దుబాయ్ మీద పోతే దగ్గరా, లండన్ మీద పోతే దగ్గరా? మా వాడేమో లండన్ అంటాడు, అల్లుడేమో దుబాయ్ అంటాడు" అని అడిగింది.

"రెండూ ఒకటే అత్తా" అన్నాను. ఆమె నమ్మలేదు. పటంలో దుబాయ్ మన పక్కనే ఉంటుంది, లండన్ ఎక్కడో పైన ఉంటుంది, రెండూ ఒకటెలా అవుతాయి అంది. అప్పుడు మా పాప గ్లోబు తెచ్చి, కుట్టుపెట్టెలోంచి దారం తీసి కొలిచి చూపించాను. ఆ లెక్క ఇక్కడ రాస్తున్నాను. టికెట్ కొనే ముందు ఇది ఒక్కసారి అర్థం చేసుకుంటే చాలా తికమక పోతుంది.

దారం చెప్పే లెక్క

మనం విమానం ఎక్కేది చెన్నైలో అనుకుని లెక్క అక్కడి నుంచే వేస్తున్నాను, ఎందుకో తర్వాత చెబుతాను. చెన్నై తూర్పు రేఖాంశం 80 డిగ్రీల దగ్గర ఉంది. డల్లాస్ పడమటి రేఖాంశం 97 డిగ్రీల దగ్గర. రెండూ కలిపితే 177. భూమి చుట్టు 360 డిగ్రీలైతే సగం 180. అంటే డల్లాస్ దాదాపు మనకు సరిగ్గా అవతలి పక్క ఉంది. అలాంటప్పుడు దగ్గరి దారి తూర్పుకూ పోదు, పడమరకూ పోదు. తిన్నగా ఉత్తరానికి ఎక్కి, ధ్రువం పక్కనుంచి దాటి, అవతలివైపు దిగుతుంది. గ్లోబు మీద దారాన్ని బిగించి పట్టుకుంటే అది ఉత్తర ధ్రువానికి సుమారు 350 కిలోమీటర్ల దగ్గరగా పోతుంది. గోడకు తగిలించిన పటంలో ఇది ఎంత చూసినా కనబడదు.

ఆ దారం పొడవు దాదాపు 14,900 కిలోమీటర్లు. ప్రపంచంలో రోజూ తిరిగే విమానాల్లో అన్నిటికన్నా దూరం వెళ్లేది సింగపూర్–న్యూయార్క్ విమానం, 15,300 కిలోమీటర్ల పైచిలుకు. మన చెన్నై–డల్లాస్ దూరం దానికి ఇంచుమించు సమానం. ఈ రెండు ఊళ్ల మధ్య నేరుగా వెళ్లే విమానం లేదు, ఎక్కడో ఒకచోట దిగి మారాల్సిందే.

మారే ఊరిని బట్టి దూరాలు ఇలా వస్తాయి. దుబాయ్ మీదుగా అయితే చెన్నై–దుబాయ్ 2,930, దుబాయ్–డల్లాస్ 12,920, మొత్తం 15,850 కిలోమీటర్లు. లండన్ మీదుగా అయితే 8,230, ఆపైన 7,630, మొత్తం 15,860. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 7,590, 8,260, మొత్తం మళ్లీ 15,850. దోహా మీదుగా కొంచెం ఎక్కువ, 16,030 చిల్లర. దుబాయ్ దారికీ లండన్ దారికీ తేడా పది కిలోమీటర్లు. తిరుపతి బస్టాండు నుంచి రేణిగుంట ఎయిర్‌పోర్టుకు అంతకన్నా ఎక్కువ దూరం ఉంది!

దుబాయ్, దోహా, ఫ్రాంక్‌ఫర్ట్, లండన్ అన్నీ ఆ బిగించిన దారానికి పడమటి పక్కనే ఉన్న ఊళ్లు. దారాన్ని వేలితో అటు కాస్త లాగి ఏ ఊరికి తగిలించినా, అదనంగా పట్టేది వెయ్యి కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ, అంతే. అందుకే దూరం తక్కువని చెప్పి ఎవరైనా ఒక దారిని పొగిడితే పట్టించుకోవద్దు.

తూర్పు దారి సంగతి వేరు. చెన్నై నుంచి సింగపూర్ దూరం దుబాయ్ దూరంతో దాదాపు సమానం, 2,925 కిలోమీటర్లు. కానీ అక్కడి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి, మళ్లీ విమానం మారి డల్లాస్ చేరితే మొత్తం 18,800 దాటిపోతుంది. మూడు వేల కిలోమీటర్లు దండగ. పిల్లలు శాన్‌ఫ్రాన్సిస్కో వైపు ఉంటే మాత్రం సింగపూర్‌ను తీసిపారేయనక్కర్లేదు. అక్కడికి సింగపూర్ మీదుగా 16,500, దుబాయ్ మీదుగా 15,950. తేడా గంటలోపే.

గంటల లెక్క

విమానం గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోతుంది. ఆ లెక్కన గాలిలో ఉండే సమయం కూడా అన్ని దారుల్లోనూ ఇంచుమించు ఒకటే వస్తుంది. దుబాయ్‌కి నాలుగుంబావు గంటలు, అక్కడి నుంచి డల్లాస్‌కు పదహారు, పదహారున్నర. లండన్‌కు పదకొండు గంటలు, అక్కడి నుంచి పదీ పదింబావు. ఫ్రాంక్‌ఫర్ట్ దారిలో పదీ, పదకొండు. మధ్యలో ఆగే మూడు నాలుగు గంటలు కలిపితే చెన్నైలో ఎక్కింది మొదలు డల్లాస్‌లో దిగేదాకా ఎటుపోయినా 24, 25 గంటలు.

వెనక్కి వచ్చేటప్పుడు గంట, రెండు గంటలు తగ్గుతాయి. ఎత్తులో పడమర నుంచి తూర్పుకు ఎప్పుడూ బలమైన గాలి వీస్తుంటుంది. వెళ్లేటప్పుడు దానికి ఎదురు, వచ్చేటప్పుడు అది వెనకనుంచి తోస్తుంది. చలికాలంలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. కాబట్టి పోయేటప్పుడు పదహారు గంటలైంది, వచ్చేటప్పుడు పద్నాలుగున్నరే అని ఆశ్చర్యపోనక్కర్లేదు.

విమానం ఎప్పుడూ దారం గీసిన గీత మీదే పోదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక యూరప్, అమెరికా విమానాలకు రష్యా గగనతలం మూతపడింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసింది. అలాంటప్పుడు చుట్టూ తిరిగి పోవాలి, గంటలు పెరుగుతాయి. టికెట్ మీద ఉన్న సమయమే నిజమైన లెక్క. నెట్‌లో రెండు ఊళ్ల పేర్లు కొడితే వచ్చే దూరం గీసిన గీత మాత్రమే.

ఆ గంటల్ని ఎలా పంచుకోవాలి

దూరమూ ఒకటే, గంటలూ ఒకటే అయితే మరి దేన్ని చూసి ఎంచుకోవాలి? ఆ గంటలు ఎన్ని ముక్కలయ్యాయో, ఒక్కో ముక్క ఎంత పొడవో చూడాలి. దుబాయ్ దారి ఒక చిన్న ముక్క, ఒక పెద్ద ముక్క. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ దారులు సగానికి సగం. ప్రయాణం చేసే మనిషి ఎవరన్నదాన్ని బట్టి ఇందులో ఒకటి వరం, ఒకటి శిక్ష అవుతుంది.

మా అమ్మకు మొదటిసారి దుబాయ్ మీదుగా కొన్నాను. టికెట్ ధర బాగుంది, ఒక్కసారి మారితే చాలు అనుకున్నాను. తెల్లవారుజామున చెన్నైలో ఎక్కింది. కునుకు పడుతుండగా భోజనం ట్రే వచ్చింది, అది తీసేసరికి దిగే వేళయింది. నిద్రలేని ఒంటితో పదహారు గంటల విమానం ఎక్కింది. పక్కవాళ్లను లేపడానికి మొహమాటపడి, బాత్రూమ్‌కు పోవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేసింది. డల్లాస్‌లో దిగేసరికి పాదాలు వాచి చెప్పులు పట్టలేదు. అన్న ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు చాలా బాధేసింది. మోకాళ్ల నొప్పులున్న మనిషి అంతసేపు ఒకే చోట ఎలా కూర్చుంటుందని టికెట్ కొనేముందు నేను ఒక్క నిమిషం ఆలోచించి ఉండాల్సింది.

రెండోసారి లండన్ మీదుగా పంపాను. పదకొండు గంటల తర్వాత దిగి, వీల్‌చైర్‌లో ఉన్నా మధ్యలో లేచి నాలుగడుగులు వేసి, ముఖం కడుక్కుని, వేడిగా ఏదో తాగి, మళ్లీ పది గంటలు కూర్చుంది. మొత్తం సమయం మొదటిసారి కన్నా అరగంట ఎక్కువే పట్టింది. అయినా "ఈసారి హాయిగా ఉన్నింది" అని చెప్పింది. మూడోసారీ అదే దారి.

నాన్న మాట వేరు. ఆయన సీట్లో కూర్చుంటే చాలు, నిద్రపోతాడు. రెండుసార్లు నిద్ర చెడడం కన్నా ఒకేసారి పొడుగ్గా పడుకోవడం నయమని దుబాయ్ దారినే మెచ్చుకుంటాడు. పైగా అక్కడ ఎయిర్‌పోర్టులో అటు తిరిగినా ఇటు తిరిగినా తెలుగు మాట వినబడుతుంది. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లు ఒంటరిగా పోతుంటే ఇది చిన్న విషయం కాదు. గేటు ఎక్కడని అడగడానికి ఒక మనిషి దొరుకుతాడనే ధైర్యం ఉంటుంది.

కాబట్టి బీపీ, కాళ్ల వాపు, మోకాళ్లు, నడుము నొప్పి ఉన్నవాళ్లకు సగానికి సగం అయ్యే దారి తీసుకోండి. నిద్ర బాగా పట్టేవాళ్లూ, మొదటిసారి ఒంటరిగా పోయేవాళ్లూ గల్ఫ్ దారిన పోవచ్చు. ఏ దారైనా గంటన్నరకోసారి లేచి నడవాలి, కూర్చున్నచోటే మడమలు పైకి కిందికి ఆడిస్తూ ఉండాలి, నీళ్లు తాగాలి. కదలకుండా గంటల తరబడి కూర్చుంటే కాలి రక్తనాళాల్లో గడ్డ కట్టే ప్రమాదం నిజంగానే ఉంది. విమానంలో నడిచే దారి (నడవ) పక్కనున్న సీటు ముందే తీసుకోండి, డబ్బు కట్టాల్సి వచ్చినా సరే. షుగరుకు ఇన్సులిన్ వేసుకునేవాళ్లు పగలూ రాత్రీ తారుమారయ్యే ఈ ప్రయాణంలో ఏ పూట ఎంత వేసుకోవాలో డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోవాలి. మందులన్నీ చీటీతో సహా చేతి సంచిలోనే ఉండాలి.

రేణిగుంటలో ఎక్కాలా, చెన్నైకి పోవాలా

మనకు ఇంకో చిక్కు ఉంది. అసలు ప్రయాణం ఎక్కడ మొదలుపెట్టాలి?

రేణిగుంట నుంచి చెన్నై ఎయిర్‌పోర్టు గాలి దారిన వంద కిలోమీటర్లు కూడా లేదు. రోడ్డు మీద మాత్రం పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు, పూందమల్లి దాటుకుంటూ 140 పైనే అవుతుంది. మూడు, మూడున్నర గంటలు. రేణిగుంట నుంచి హైదరాబాద్‌కు విమానంలో గంటంబావే. అక్కడ దేశీయ, విదేశీ విమానాలు రెండూ ఒకే భవనంలోంచి పోతాయి. వినడానికి ఇదే సుఖంగా ఉంటుంది. హైదరాబాద్ మీదుగా పోయినా మొత్తం దూరం దాదాపు అంతే, 15,900 లోపే.

కానీ ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. రేణిగుంట–హైదరాబాద్ టికెట్, హైదరాబాద్–డల్లాస్ టికెట్ ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే నిశ్చింత. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఇంకో విమానంలో పంపే బాధ్యత వాళ్లదే. వేర్వేరుగా కొంటే ఆ బాధ్యత ఎవరికీ ఉండదు. మా బంధువులాయన ఒకరు నాలుగు వేలు కలిసొస్తాయని విడివిడిగా కొన్నాడు. ఆ సాయంత్రం వాన పట్టుకుని రేణిగుంటలో విమానం మూడు గంటలు ఆలస్యమైంది. శంషాబాద్‌లో దిగేసరికి అమెరికా విమానం కౌంటరు మూసేశారు. టికెట్ డబ్బంతా పోయింది.

సామాను సంగతి కూడా ఉంది. అమెరికా టికెట్ల మీద ఒక్కొక్కరికి 23 కిలోల పెట్టెలు రెండు ఇవ్వడం మామూలు, మీ టికెట్‌లో ఎన్ని ఉన్నాయో చూసుకోండి. విడిగా కొన్న దేశీయ టికెట్ మీద 15 కిలోలే. 46 కిలోల సామానుతో రేణిగుంటలో నిలబడితే మిగతా 31 కిలోలకు కిలో లెక్కన కట్టాలి. ఆవకాయ, కారప్పొడి, మనవరాలికి గౌన్లు, లడ్డూ ప్రసాదం అంతా కలిపి కట్టిన పెట్టెలు తూకం దగ్గర విప్పడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

అందుకే నా ఓటు చెన్నైకి, కారుకి. రైలూ ఉంది, సప్తగిరి లాంటివి మూడున్నర గంటల్లో చెన్నై సెంట్రల్‌లో దించుతాయి. అక్కడి నుంచి ఎయిర్‌పోర్టుకు మెట్రో కూడా ఉంది. నాలుగు పెద్ద పెట్టెలూ ఇద్దరు పెద్దవాళ్లూ ఉంటే ఆ ఆలోచన మానేయండి. ఒక సంచితో చదువుకు తిరిగి వెళ్లే కుర్రాడికైతే అదే మంచి దారి.

చిత్తూరు వాళ్లకు ఎంపిక ఇంకా ఉంది. చెన్నై ఎయిర్‌పోర్టు సుమారు 150 కిలోమీటర్లు, బెంగళూరు దేవనహళ్లి ఎయిర్‌పోర్టు 180 దాకా. పలమనేరు, కుప్పం, మదనపల్లె వాళ్లకు బెంగళూరే దగ్గర. పుత్తూరు, నగరి, శ్రీకాళహస్తి వాళ్లకు చెన్నై. సరిగ్గా చిత్తూరు టౌన్లో ఉన్నవాళ్లు మాత్రం రెండింటి టికెట్ ధరలూ చూసి, ఏది తగ్గితే అటు పోవచ్చు. హోస్కోట నుంచి శ్రీపెరంబుదూరు దాకా జిల్లా మీదుగా వేస్తున్న ఎక్స్‌ప్రెస్ వే పూర్తయితే రెండువైపులా సమయం ఇంకా తగ్గుతుంది.

బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు 2021 జనవరిలో నేరుగా విమానం మొదలైంది. అదే నెలలో హైదరాబాద్ నుంచి చికాగోకు కూడా మొదలైంది, తర్వాత ఆగిపోయింది. ఇంత దూరం పోయే విమానాలు ఒక ఏడాది ఉంటాయి, మరుసటి ఏడాది ఉండవు. పోయినసారి ఉందిగదా అనుకోకుండా తేదీ వేసి చూసుకోండి.

ఎక్కడ దిగాలి, ఎంతసేపు ఆగాలి

అమెరికాలో మొదట ఏ ఊళ్లో దిగితే అక్కడే ఇమిగ్రేషన్. తర్వాత మళ్లీ దేశీయ విమానం ఉన్నా సరే, అక్కడ పెట్టెలు బెల్టు మీద నుంచి తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించి, మళ్లీ తనిఖీకి నిలబడాలి. న్యూయార్క్ మీదుగానో చికాగో మీదుగానో పోయే టికెట్ చౌకగా కనిపించినా ఈ తిప్పలన్నీ ఉంటాయి. పెద్దవాళ్లకు మొదటి అడుగే డల్లాస్‌లో పడేట్టు చూడండి. దుబాయ్, దోహా, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి డల్లాస్‌కు నేరుగా విమానాలున్నాయి కాబట్టే ఈ నాలుగింటి గురించి ఇంత రాశాను. అబుదాబి సంగతి వేరు. అక్కడ అమెరికా ఇమిగ్రేషన్ విమానం ఎక్కకముందే అయిపోతుంది. చికాగోలో దిగి డల్లాస్‌కు మారినా ఆ వరసలో నిలబడే పని ఉండదు.

మధ్యలో ఆగే సమయం మూడు, నాలుగు గంటలు సరిపోతుంది. గంటన్నర కనెక్షన్ అమ్ముతారు, కొనకండి. వీల్‌చైర్ మనిషి రావడానికే అరగంట పడుతుంది, టెర్మినల్ మారాల్సి వస్తే బస్సు ఎక్కాలి, మళ్లీ తనిఖీ ఉంటుంది. వీల్‌చైర్‌కు డబ్బు కట్టక్కర్లేదు, టికెట్ కొన్నప్పుడే అడిగి రాయించుకోండి.

గడియారం లెక్క కూడా ఇంట్లోవాళ్లకు ముందే చెప్పాలి. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా డల్లాస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక, మిగతా రోజుల్లో పదకొండున్నర. ఎండాకాలంలో సోమవారం తెల్లవారుజామున 4కు చెన్నైలో ఎక్కితే, ఇరవై నాలుగున్నర గంటల తర్వాత డల్లాస్‌లో దిగేసరికి అక్కడ అదే సోమవారం సాయంత్రం 6. తిరుగు ప్రయాణంలో సోమవారం సాయంత్రం 5కు ఎక్కినవాళ్లు ఇరవై రెండున్నర గంటలు పట్టినా చెన్నైలో బుధవారం తెల్లవారుజామున 2కు దిగుతారు. మధ్యలో మంగళవారం ఎటు పోయిందని అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. తీసుకురావడానికి పోయేవాళ్లు తేదీ తప్పు చూసుకుని ఒక రోజు ముందో వెనకో పోవడం నేను చూశాను.

ఎదురింటి అత్తకు మోకాళ్లు బాలేవు, మామకు బీపీ. లండన్ దారే ఖాయం చేశాం. నడవ పక్క సీట్లు రెండు, ఇద్దరికీ వీల్‌చైర్, మధ్యలో మూడున్నర గంటలు. విమానం తెల్లవారుజామున కాబట్టి రాత్రి తొమ్మిదికి ఇక్కడ కారు కదలాలి. అల్లుడు తనే నడుపుతానన్నాడు, నేను వద్దన్నాను. పగలంతా పెట్టెలు సర్ది, రాత్రి చెన్నై దాకా నడిపి, వాళ్లను దించి, కళ్లు మూతలు పడుతుండగా తిరుత్తణి రోడ్డు మీద వెనక్కి రావడం చాలా ప్రమాదం. మధ్యాహ్నం పడుకుని లేచిన డ్రైవరును మాట్లాడాం. వాళ్లు తిరిగొచ్చే బుధవారానికి కూడా అతన్నే రమ్మని ఇప్పుడే చెప్పి పెట్టాం.